బ్రాడీపేట కల్చర్ ల్యాబ్: తగ్గని జ్వరంతో వెళ్ళిన మా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, ఇది మామూలు బ్లడ్ టెస్టుల ల్యాబ్ కాదు. షుగరు, థైరాయిడ్, కొలెస్ట్రాల్ లాంటివి ఇక్కడ చెయ్యరు, అడిగితే పక్క లైన్లో ఉన్న ఇంకో ల్యాబ్‌కి దారి చూపిస్తారు. రక్తం, మూత్రం, మలం, చీము, తెమడ, వీటిలో ఏ బ్యాక్టీరియా పెరుగుతోందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే కల్చర్ టెస్టులే చేస్తారు. గుంటూరు శంకర్‌విలాస్ సెంటర్ నుంచి నడిచి వెళ్ళే దూరంలో, ఒక పాత మేడ మొదటి అంతస్తులో మూడు గదులు, అంతే. నడిపేది గవర్నమెంటు మెడికల్ కాలేజీల్లో మైక్రోబయాలజీ చెప్పి రిటైరైన ఒక మేడమ్, డెబ్బైకి దగ్గర్లో ఉంటారు. బ్యాక్టీరియా జబ్బులు ఎక్కడ మొదలవుతున్నాయి, ఎవరి నుంచి ఎవరికి పాకుతున్నాయి, ఏ ఏడాది ఏ మందుకు లొంగడం మానేశాయి అని లెక్క కట్టడమే ఆవిడ జీవితమంతా చేసిన పని. ఎపిడెమియాలజీ అంటారు. ఆ అలవాటు ఈ ల్యాబ్‌లో అడుగడుగునా కనిపిస్తుంది. మా పాప విషయంలో దానివల్లే మేలు జరిగింది కాబట్టి కొంచెం పొడుగైనా వివరంగా రాస్తున్నాను.

పాప ఇంటర్ సెకండియర్, బైపీసీ, విజయవాడ శివారులో ఒక కాలేజీ హాస్టల్లో ఉండేది. సంక్రాంతికి ఇంటికొచ్చి వెళ్ళిన రెండు వారాలకు వార్డెన్ ఫోన్ చేశారు, జ్వరంగా ఉంది, పారాసిటమాల్ వేశాం అని. మూడో రోజుకీ తగ్గలేదు. హాస్టల్‌కి వచ్చే ఆర్ఎంపీ వైడాల్ టెస్ట్ చేయించి టైఫాయిడ్ అని చెప్పి ఓఫ్లాక్సాసిన్ మాత్రలు మొదలుపెట్టారు. ఆరో రోజున మేమే వెళ్ళి కారులో తెచ్చేసుకున్నాం. వారధి దాటేటప్పుడు నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది, పెనం మీద చెయ్యి పెట్టినట్టే ఉంది ఆ నుదురు. నోటికి హితవు లేదు, చారన్నం నాలుగు ముద్దలు కూడా దిగలేదు. గుంటూరులో మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారు ఆ వైడాల్ కాగితం చూసి పక్కన పెట్టేసి, ‘దీన్ని బట్టి మందు వెయ్యలేనమ్మా, బ్లడ్ కల్చర్ కావాలి, అక్కడికే వెళ్ళండి’ అని చీటీ రాసిచ్చారు.

మెట్లెక్కేసరికి పాప గోడకు చేరగిలబడిపోయింది. కౌంటర్లో అబ్బాయి ఒక కాగితం ఇచ్చి నింపమన్నాడు. రెండు పేజీలు, తెలుగులోనే. జ్వరం ఎన్నాళ్ళుగా, ఏ మందులు ఎన్ని డోసులు పడ్డాయి, అక్కడి వరకు సరే. ఆ తర్వాత గత మూడు వారాల్లో ఎక్కడెక్కడ ఉన్నారు, తాగే నీళ్ళు మున్సిపాలిటీవా బోరువా టిన్నువా, టిన్నయితే ఏ ప్లాంటుది, బయట ఐసు వేసిన చెరుకురసం తాగారా, పానీపూరీ తిన్నారా, వంట ఎవరు చేస్తారు, షుగరు ఉందా, పొలం పనికి వెళ్తారా, మీతో ఉండేవాళ్ళలో ఇంకెవరికైనా జ్వరం వచ్చిందా. నాకు ఒళ్ళు మండింది. రక్తం తియ్యడానికొస్తే జనాభా లెక్కలేంటి, ముందు పిల్ల సంగతి చూడండి అని కాస్త గట్టిగానే అన్నాను.

లోపలి గదిలోంచి మేడమ్ వచ్చారు. నేత చీర, మెళ్ళో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. ‘పాపను పడుకోబెట్టండమ్మా, నేను అడిగి రాసుకుంటాను’ అని స్టూలు లాక్కుని బల్ల పక్కనే కూర్చున్నారు. ‘నాన్నా, మీ రూములో ఇంకెవరికన్నా జ్వరమా?’ అని అడిగితే అప్పుడు చెప్పింది పాప, ఇద్దరు ముందే ఇళ్ళకు వెళ్ళిపోయారని. ఆ మాట మాకు కూడా చెప్పలేదు. మేడమ్ రాస్తున్న కలం ఆపి, ‘వాళ్ళు ఏ తారీఖున వెళ్ళారో గుర్తుందా తల్లీ?’ అన్నారు. అప్పటికి ఆ ప్రశ్న ఎందుకో నాకు అర్థం కాలేదు.

రక్తం తీసిన పద్ధతి గురించి చెప్పాలి, ఎందుకంటే ఇంత శ్రద్ధ నేను పెద్ద పెద్ద చోట్ల కూడా చూడలేదు. ముందు స్పిరిట్, తర్వాత అయోడిన్ పూసి, అది ఆరేదాకా టెక్నీషియన్ చేతులు కట్టుకుని ఆగాడు. సీసా మూత మీది రబ్బరు కూడా తుడిచాడు. రెండు చేతుల నుంచి, ఒక్కో సీసాకు 10 మిల్లీలీటర్లు. అంత రక్తం ఎందుకండీ, పిల్ల నీరసంగా ఉంది అంటే మేడమ్ చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తే. టైఫాయిడ్‌లో రక్తంలో తిరిగే బ్యాక్టీరియా చాలా తక్కువ, ఒక మిల్లీలీటరులో ఒక్కటి కూడా లేకపోవచ్చు, అందుకని రెండు మిల్లీలీటర్లు తీసి ఏమీ పెరగలేదని రాస్తే అది జబ్బు లేదని కాదు, మనం సరిగ్గా వెతకలేదని. పైగా అప్పటికే మాత్రలు పడ్డాయి, దొరికే అవకాశం ఇంకా తగ్గుతుంది. ఈ సీసాల్లో మందు అవశేషాన్ని పీల్చుకునే పూసలు ఉంటాయట. అన్నీ సరిగ్గా చేసినా టైఫాయిడ్ ఉన్నవాళ్ళలో సుమారు సగం మందికే కల్చర్‌లో దొరుకుతుందని ముందే చెప్పారు, డబ్బు కట్టకముందే. ఇలా చెప్పేవాళ్ళు ఎంతమంది?

వైడాల్ సంగతి కూడా అప్పుడే అడిగాను, రిపోర్టులో పాజిటివ్ అని ఉంది కదా అని. అది 1896 నాటి పరీక్ష. చూసేది బ్యాక్టీరియాను కాదు, దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను. మన ప్రాంతంలో ఎప్పుడో సోకిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి అవి ముందు నుంచే ఉండొచ్చు, వేరే జ్వరాల్లో కూడా పెరగొచ్చు. ఒక్కసారి చేసిన వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చడం కుదరదు, కాదని తేల్చడమూ కుదరదు. ఏ మందుకు లొంగుతుందో అన్నది అది అసలు చెప్పనే చెప్పదు. మనమేమో చిన్న జ్వరానికి కూడా ‘వైడాల్ చేయించారా?’ అని అడుగుతాం, నేనూ అడిగిన దాన్నే.

మర్నాడు రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్. మేడమే చేశారు. సీసా అడుగున రంగు మారింది, అంటే లోపల ఏదో పెరుగుతోంది, స్లైడు మీద చూశాను, గ్రామ్ నెగటివ్ కడ్డీల్లా ఉన్నాయి, టైఫాయిడ్ బ్యాక్టీరియా కూడా ఆ కోవదే, మీ డాక్టరు గారికి ఇప్పుడే చెప్పాను, పూర్తి రిపోర్టుకు ఇంకో రెండు రోజులు పడుతుంది, ఈలోపు ఆయన చెప్పినట్టు చెయ్యండి అన్నారు. టెన్షన్‌తో చస్తున్న మాకు ఆ ఫోన్ ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను.

రిపోర్టులో సాల్మొనెల్లా టైఫీ అని వచ్చింది, టైఫాయిడ్ తెచ్చే బ్యాక్టీరియా అదే. మందుల వరుసలో సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ఆర్ అని ఉంది, అంటే పనిచెయ్యదు. పాపకు వేసిన ఓఫ్లాక్సాసిన్ ఆ కుటుంబానిదే. నాలుగు రోజులు ఆ బిళ్ళలు మింగడం వృథా అయిందన్నమాట. సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ పనిచేస్తాయని ఉంది. ఇంకో వింత, క్లోరాంఫెనికాల్ ఎదురుగా కూడా పనిచేస్తుంది అనే ఉంది. ఆ పేరు చూడగానే నాకు మా అక్క గుర్తొచ్చింది, చిన్నప్పుడు అక్కకు టైఫాయిడ్ వస్తే మా నాన్న క్లోరోమైసెటిన్ పేరుతో అమ్మే ఇదే మందు క్యాప్సూల్స్ తెచ్చి టైముకు లేపి వేసేవారు. అది ఇంకా ఉందా అని అడిగాను.

‘నా సర్వీసంతా ఆ వరుసలోనే ఉందమ్మా’ అన్నారు మేడమ్. ఆవిడ చదువుకునే రోజుల్లో టైఫాయిడ్ అంటే క్లోరాంఫెనికాలే, 1948 నుంచి అదే దిక్కు. 1990 ప్రాంతానికి అదీ, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ కలిపి మూడూ పనిచెయ్యని టైఫాయిడ్ దేశంలో చాలాచోట్ల వచ్చేసింది. అప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ ఆదుకుంది, దాన్ని జలుబుకీ విరేచనాలకీ అన్నిటికీ వాడేశాం, అదీ పోయింది. ఈలోగా పాత మందుల వాడకం తగ్గేసరికి చాలా స్ట్రెయిన్లు, అంటే ఆ బ్యాక్టీరియాలోని రకాలు, వాటికి మళ్ళీ లొంగుతున్నాయి. ఈ మార్పులన్నీ ఆవిడ రిజిస్టర్లలో చేత్తో రాసి ఉన్నాయి, నీలం అట్టల లెడ్జరు పుస్తకాలు, బీరువా నిండా. ఒకటి తీసి చూపించారు, ఒక్కో వరుసకు ఊరు, వయసు, నెల, తాగే నీళ్ళు, మందులు. పేర్లు లేవు, నంబర్లే.

ఆ పని ఎలా మొదలైందో అడిగితే దివిసీమ అన్నారు. 1977 నవంబరు 19 ఉప్పెన. ఆవిడ గుంటూరు మెడికల్ కాలేజీలో విద్యార్థిని, సీనియర్లతో పాటు అవనిగడ్డ వైపు వెళ్ళారు. బక్కెట్లో బ్లీచింగ్ పౌడరు కలిపి బావుల్లో పోయడం, గంట ఆగి నీళ్ళు పరీక్షించడం, మళ్ళీ ఇంకో బావి. చేతులకు ఆ వాసన వారం రోజులు పోలేదట. నేను తిరిగిన ఊళ్ళలో ఎవరు ఏ బావి నీళ్ళు తాగారో, ఎవరికి వాంతులూ విరేచనాలూ అయ్యాయో రాసుకునే మనిషి ఒక్కరు కూడా కనపడలేదు, అది నా మనసులో పడిపోయింది అన్నారు.

ఇంకో కథ 1992 చివరిది. ఆవిడ అప్పుడు మద్రాసులో ట్రైనింగ్‌లో ఉన్నారు. విరేచనాలతో వచ్చినవాళ్ళ శాంపిల్‌లో విబ్రియో, అంటే కలరా కుటుంబపు బ్యాక్టీరియా, పెరుగుతోంది, జబ్బు చూస్తే అచ్చం కలరా, కానీ స్లైడు మీద అప్పటికి తెలిసిన కలరా రకాన్ని గుర్తుపట్టే ఓ1 సీరం చుక్క వేస్తే ముద్దకట్టడం లేదు. ముద్దకట్టకపోతే కలరా కాదని రాసెయ్యడం అప్పటి రివాజు. పైగా పిల్లలకంటే పెద్దవాళ్ళు ఎక్కువగా పడిపోతున్నారు, అంటే పాత కలరా మీద వాళ్ళకున్న రక్షణ దీనికి పనిచెయ్యట్లేదు. అదే తర్వాత ఓ139 అని పేరు పెట్టిన కొత్త కలరా. ఆ వయసుల లెక్కే ముందు అనుమానం పుట్టించిందని చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఇప్పటికీ ఆ ఉత్సాహం వినిపించింది. టైఫాయిడ్ స్ట్రెయిన్లనైతే చిన్న అగార్ గొట్టాల్లో మూసి, దూదిలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి పోస్టులో ఢిల్లీ లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీకి పంపేవారట, సాల్మొనెల్లా ఫేజ్ టైపింగ్, అంటే ఆ బ్యాక్టీరియాలో ఏ రకమో విడదీసి చెప్పే పరీక్ష, దాని జాతీయ కేంద్రం అక్కడే. గుంటూరులో వచ్చిన టైఫాయిడూ ఒంగోలులో వచ్చిందీ ఒకే మూలం నుంచా కాదా అని తెలుసుకోవడానికి అప్పట్లో దారి అదే.

వెయిటింగ్ గదిలో యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో ఉంది. భీమవరంలో పుట్టి అమెరికాలో ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ మందుల్లో మొట్టమొదటిది. ఎదురు గోడకు గుంటూరు టౌను మ్యాపు, దాని మీద రంగు రంగుల గుండుసూదులు. ఎర్రవి టైఫాయిడ్. మ్యాపు మీదే పెన్సిలుతో మంచినీళ్ళ పైపులైన్లు గీసుకున్నారు. 2018 మార్చిలో ఆనందపేటలో విరేచనాలు ప్రబలి మనుషులు చనిపోయిన రోజులు ఈ ఊళ్ళో ఎవరం మర్చిపోలేం. ఆ పక్కన సూదులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, నేను అక్కడే కాసేపు నిలబడిపోయాను.

కాగితంలో షుగరు, పొలం పని అని ఎందుకు అడిగారో కూడా తర్వాత తెలిసింది. మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు కోసం. 2025 సెప్టెంబరులో తురకపాలెంలో వరసగా మనుషులు చనిపోయిన వార్తలతో ఆ పేరు మన జిల్లాలో అందరి నోళ్ళలో పడింది కదా. ఆ బ్యాక్టీరియా తడిసిన మట్టిలో, వరి పొలాల నీళ్ళలో ఉంటుంది, షుగరు ఉన్నవాళ్ళకు వానాకాలంలో ఎక్కువ ప్రమాదం. కల్చర్‌లో పెరిగినా చూసి గుర్తుపట్టే అలవాటు లేకపోతే సూడోమోనాస్ అనే మామూలు బ్యాక్టీరియా అనో, బయట నుంచి కలిసిందనో పారేస్తారట. జెంటామైసిన్‌కు లొంగకుండా, కోఅమాక్సిక్లావ్‌కు లొంగుతున్నట్టు కనపడిందంటే తన దగ్గరికి తీసుకురావాలని టెక్నీషియన్లకు బోర్డు మీద రాసిపెట్టారు.

ఇక హాస్టల్ సంగతి. రిపోర్టు తీసుకోవడానికి వెళ్ళిన రోజు మేడమ్ మమ్మల్ని లోపలికి పిలిచి తలుపు వేశారు. మీ పాప చెప్పిన హాస్టల్ నుంచే ఇంకో శాంపిల్ మా దగ్గరికి వచ్చింది, ఎవరిదో చెప్పను, రెండు రిపోర్టుల్లో మందుల వరుస ఒక్కలాగే ఉంది, మీకు అభ్యంతరం లేకపోతే పేరు లేకుండా విజయవాడ కార్పొరేషన్ హెల్త్ విభాగానికి తెలియజేస్తాను అన్నారు. మా ఆయన కాస్త జంకారు, కాలేజీ వాళ్ళు పాప మీద కోపం పెట్టుకుంటారేమోనని. ఆవిడ బలవంతం చెయ్యలేదు. రాత్రి ఆలోచించుకుని పొద్దున ఫోన్ చేసి చెప్పండి అన్నారు. పొద్దున నేనే చేశాను, చెప్పండి మేడమ్ అని.

తర్వాత మాకు తెలిసింది ఇది: నీళ్ళ సంపు మూత డ్రైనేజీ కాలువకు రెండడుగుల దూరంలో ఉంది, మూత అంచు పగిలింది. సంపు కడిగించి క్లోరిన్ వేయించారు, వంటవాళ్ళకు మలం కల్చర్ చేయించారు, ఎందుకంటే టైఫాయిడ్ వచ్చి తగ్గిన కొందరిలో పిత్తాశయంలో బ్యాక్టీరియా ఉండిపోతుంది, వాళ్ళకు ఏ బాధా ఉండదు కానీ వాళ్ళ చేతుల మీదుగా ఇతరులకు వస్తుంది. వంటవాళ్ళలో ఒకరిని కొన్నాళ్ళు వంటింట్లోకి రాకుండా ఆపారని విన్నాం. కొత్త జ్వరాలు ఆగాయి. సంపు వల్లా, వంటింటి వల్లా అని అడిగితే మేడమ్ నిజాయితీగా ‘రెండూ ఒకేసారి సరిచేశారు, ఇక ఏదన్నది నేను చెప్పలేను, ముందు పిల్లలు బాగుండాలి కదా’ అన్నారు.

పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌లో 2016 చివర్లో మొదలైన టైఫాయిడ్ గురించి కూడా చెప్పారు. అది సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగలేదు, నోటితో వేసుకునే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అక్కడి డాక్టర్లు కల్చర్లు చేసి, కేసులు ఏ పేటలో ఉన్నాయో లెక్క రాసి పట్టుకున్నారు. 2019లో ఆ దేశం టైఫాయిడ్ టీకాను పిల్లల మామూలు టీకాల్లో చేర్చింది. ఆ టీకా మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసినదే, 2017 డిసెంబరులో డబ్ల్యూహెచ్‌ఓ ప్రీక్వాలిఫికేషన్, అంటే నాణ్యత చూసి ఇచ్చే ఆమోదం, వచ్చింది. పాప పూర్తిగా కోలుకున్నాక ఆ టీకా గురించి మీ డాక్టరు గారిని అడగండి అని మాకూ చెప్పారు, మా చిన్నవాడికి అప్పుడే వేయించేశాం.

రెండోసారి వెళ్ళినప్పుడు పాప కొంచెం తేరుకుంది. బైపీసీ అని తెలిసి మేడమ్ బ్యాక్టీరియాను పెంచే మాకాంకీ ప్లేటు చూపించారు, గులాబీ రంగు జెల్లీ మీద రంగులేని చిన్న చిన్న చుక్కలు. ‘ఇవే నీ రక్తంలో తిరిగినవి’ అంటే పాప ప్లేటు మీదికి వంగిపోయి ఎంతసేపో చూసింది. ఈ చదువు ఎలా చదవాలని అది అడిగితే ఓపిగ్గా చెప్పారు. ఎంబీబీఎస్ చేసి మైక్రోబయాలజీ ఎండీ చెయ్యొచ్చు, చెన్నైలో ఐసీఎంఆర్ వాళ్ళ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఎన్ఐఈలో ఎపిడెమియాలజీ కోర్సులున్నాయి, ఢిల్లీలో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం ఎన్‌సీడీసీలో డాక్టర్లకు జబ్బుల ఆరా తీసే శిక్షణ ఉంది, మెడికల్ సీటు రాకపోయినా ఎమ్మెస్సీ చేసి ఇటు రావచ్చు, లెక్కలు మాత్రం వదలకూడదు అన్నారు. నీట్ ర్యాంకు తప్ప ఇంకో మాట వినపడని ఇంట్లో ఇది కొత్త మాట. ప్రాక్టీసు పెట్టుకున్న క్లాస్‌మేట్లు నర్సింగ్ హోములు కట్టారు, మీకెప్పుడూ అనిపించలేదా అని నేను అడిగాను. అనిపించింది, పిల్లల ఫీజులు కట్టే రోజుల్లో బాగా అనిపించింది అని చెప్పి, ప్లేటు మూత పెట్టి లోపలికి వెళ్ళారు.

లోపాలు కూడా ఉన్నాయి. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి, జ్వరంతో ఉన్నవాళ్ళనీ పెద్దవాళ్ళనీ ఎక్కించడానికి తలప్రాణం తోకకొస్తుంది. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకోరు. కుర్చీలు ఆరే. రిపోర్టు ఇంగ్లీషులో సన్నటి అక్షరాల్లో ఉంటుంది, ప్రశ్నల కాగితాన్ని అంత చక్కగా తెలుగులో ఇచ్చినవాళ్ళు రిపోర్టు కింద కూడా నాలుగు ముక్కలు తెలుగులో రాస్తే బాగుంటుంది. కౌంటర్లో అబ్బాయి మంచివాడే కానీ, ఏమీ పెరగకపోతే ఫైనల్ రిపోర్టుకు ఐదు రోజులు పడుతుందని ముందే చెప్పడు. మేమున్నప్పుడే ఒకాయన మూడో రోజున వచ్చి రిపోర్టు ఇంకా రాలేదని గొడవపెట్టుకున్నారు, ఆయన తప్పు లేదు. పార్కింగ్ మర్చిపోండి, ఆటోలో వెళ్ళడం నయం.

రెండు సీసాలకు మాకు 1,800 అయింది. వైడాల్‌తో పోలిస్తే ఎక్కువే, కాదనను. కానీ పనిచెయ్యని మాత్రలకూ, సెలైన్లకూ, పోయిన క్లాసులకూ అయిన ఖర్చు లెక్కేసుకుంటే నాకు భారంగా అనిపించలేదు. కట్టలేమన్నవాళ్ళ దగ్గర తగ్గించి తీసుకోవడం కళ్ళారా చూశాను. 5కి నాలుగున్నర ఇస్తున్నాను, ఆ అర మెట్ల కోసం.

వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే వెళ్తే కల్చర్‌లో దొరికే అవకాశం ఎక్కువ, ఒకవేళ మొదలుపెట్టేసి ఉంటే డాక్టరుకు చెప్పకుండా మధ్యలో ఆపెయ్యకండి, తర్వాతి డోసుకు ముందు రక్తం తీస్తారు. సరైన మందు పడ్డాక కూడా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది, మా పాపకు ఐదో రోజు రాత్రి చెమట పట్టి దిగింది, రెండో రోజుకే మందు పనిచెయ్యట్లేదని ఇంకో డాక్టరు దగ్గరికి పరిగెత్తకండి. ఆదివారం మధ్యాహ్నం దాకే తెరిచి ఉంటుంది. వాడిన మాత్రల షీట్లు ఖాళీవైనా సరే పారెయ్యకుండా కవర్లో వేసి తీసుకెళ్ళండి, మేడమ్ ముందు అడిగేది అవే.